నాట్లకూ బతుకమ్మకూ నడుమ

మాది పాలకుర్తి. ఢోలకు వాయించుకుంట, పాటలు కట్టుకుంట నలభై ఏండ్లు తిరిగినోణ్ణి. అక్షరాస్యత కళాజాతలు, రైతుకూలీ సభలు, జాతరలు, 2002ల కామారెడ్డి కాడ మొదలైన ధూంధాంల తర్వాత తెలంగాణ సభలు, ఏ ఊరికి ఏ బండెక్కి పోయినమో లెక్క లేదు. నా మనుమడు హైదరాబాదుల గిటారు వాయిస్తడు. నలుగురు పోరగాండ్లు కలిసి బ్యాండు పెట్టుకున్నరు. మొన్న ఇంటికొచ్చి, "తాతా, పెద్ద రాక్ బ్యాండ్లు ఏండ్లకేండ్లు దేశాలు తిరిగి, ఇంటికొచ్చి, మళ్ల బయలెల్లే లోపల్నే కొత్త పాటలు కట్టి రికార్డు చేస్తయి. మరి మీరెట్ల చేసేటోళ్లు?" అని అడిగిండు.

నవ్వొచ్చింది. వాళ్లకు ఆ నడిమి కాలం ఎవరిస్తరో నాకు తెల్వదు, మాకు ఇచ్చేది మాత్రం మిరుగు కార్తె. సంక్రాంతికి ఐలోని మల్లన్న, అక్కణ్నుంచి ఉగాది దాక కొమురెల్లి, నడుమ శివరాత్రికి మా సోమేశ్వరుని గుట్ట. ఎండలు ముదిరితే సభలు. నాలుగు చినుకులు పడంగనే మా డప్పు తమ్ముడు పొలానికి, కోరస్ చెల్లెండ్లు నాట్లకు. నాట్లు అయినంక, బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దాక నెల, నెలన్నర దొరుకుతది. కొత్త పాటలన్నీ అండ్లనే పుట్టాలె. వాడు అడిగిండని ఆ రాత్రి గుర్తొచ్చినయి గుర్తొచ్చినట్టు చెప్పిన. వాడు ఫోన్ల రాసుకున్నడు. ఇవి అవే.

1. ఖాళీ దొరికిన మొదటి వారం పాట కట్టకు.

తిరిగి తిరిగి ఇంటికొస్తమా, చెవులల్ల పాత పాటలే మోగుతుంటయి. ఢోలకు ముట్టుకుంటే చెయ్యి అలవాటైన దరువు మీదికే పోతది. ఒక యేడు ఎండాకాలం సభలన్నీ అయినంక మస్తు హుషారు మీదున్న. వారం రోజులల్ల మూడు పాటలు కట్టిన. మూడోది పాడుతుంటే మా ఇంటామె పొయ్యి కాడ్నుంచి, "ఇది నిరుడుదే గదా" అన్నది. నాకు కోపమొచ్చింది, పదాలన్నీ కొత్తయని వాదించిన. తెల్లారి మళ్ల పాడుకుంటే ఆమె చెప్పిందే నిజం. మాటలు మారినయి, నడక మారలే. జనం చప్పట్లు కొట్టిన నడకను గొంతు వదలదు. పాత పాట హిట్టయితే కొత్త పాటకు సవతి తల్లి అయితది.

అప్పట్నుంచి మొదటి వారం ఢోలకును అటుక మీద పెట్టేటోణ్ణి. పొలాల దిక్కు పోయి ఊకె గట్టు మీద కూసునేది. నాట్లేసే ఆడోళ్ల పాట ఏటేటా జర మారుతది. ఒకామె ఒక చోట దీర్ఘం తీస్తది, పక్కామె దాన్ని విరుస్తది, నెలకల్లా అది వేరే పాటయితది. మా ఊరి పాల్కురికి సోమనాథుడు ఏడెనిమిది వందల ఏండ్ల కింద ఇదే పని చేసిండు. పండితారాధ్య చరిత్రల తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, నివాళి పదాలు అని జనం పాడుకునే వాటి పేర్లు వరుసబెట్టి రాసిపెట్టిండు. సంస్కృతం అంత చదివినాయన బసవ పురాణాన్ని ద్విపదల కట్టిండంటే, ఆయన చెవి ఎవరి దిక్కు ఉన్నదో చూడుండ్రి. ఆయన ఊళ్లె పుట్టి, చెవులు మూసుకొని పాట కడితే ఎట్ల?

2. పాట దారిల దొరుకుతది. దొరికినప్పుడే కట్టేయాలె.

సభకూ సభకూ నడుమ డీసీఎం వెనుక కూసోని పోయేటప్పుడు ఒక ముక్క నోట్లెకు వస్తది. ఇంటికి పోయినంక చూద్దామంటే అది ఉండదు. మా బావ కాడ చిన్న టేపురికార్డరు ఉండేది. అంగి తీసి దాని మీద కప్పి, గాలి మోత రాకుంట పట్టుకునేటోడు, నేను దాని నోట్లె నోరు పెట్టి గునిగేటోణ్ణి. ఇంటికొచ్చి వింటే ఇంజను మోత, ఎవరో దగ్గుడు, నడుమ నాలుగు ముక్కల రాగం. ఆ నాలుగు ముక్కలు చాలు.

మనుమడు ఇది విని ఎగిరి గంతేసిండు. రోలింగ్ స్టోన్స్ బ్యాండుల గిటారు వాయించే కీత్ రిచర్డ్స్, 1965ల ఒక రాత్రి పండుకొని, నిద్రల లేచి ఒక ముక్క వాయించి టేపు చేసి మళ్ల పండుకున్నడట. తెల్లారి వింటే ఆ గిటారు ముక్క కొద్దిసేపు, మిగిలిన టేపంతా గురక. ఆ ముక్కతోటే వాళ్ల 'శాటిస్‌ఫ్యాక్షన్' పాట తయారైందట. మా బావ టేపులల్ల గూడ గురక మస్తుగుండె. పాట మాత్రం అంత పెద్దది రాలే.

3. పల్లవి మీ పొరుగింటి పిల్లలకు ఇయ్యి.

పొద్దుగాల రెండుసార్లు పాడి వినిపించు. సాయంత్రం దాక వాళ్ల నోట్లె ఆడితే ఉంచు, లేకుంటే తీసెయ్యి. దీని మీద ఇంకేం చెప్పేది లేదు.

4. ఊళ్లె పాడకుంట స్టూడియోకు పోవద్దు.

ఇది నాకు బాగ ఖర్చు పెట్టించిన పాఠం. చాకలి ఐలమ్మ మీద పాట కట్టిన. ఐలమ్మ అంటే బయటోళ్లకు విగ్రహం, పుస్తకంల బొమ్మ. మాకట్ల కాదు. 1985 సెప్టెంబరుల కన్నుమూసే దాక ఇదే ఊళ్లె తిరిగిన మనిషి. విసునూరు దేశ్‌ముఖుతోటి నాలుగెకరాల పంట కోసం కొట్లాడిన మనిషి. ఆమెతోటి మాట్లాడినోళ్లు, ఆమె కోపం చూసినోళ్లు మా సభలల్ల ముందు వరుసల కూసుంటరు.

ఆ యేడు తొందరల ఉన్నం. పెత్రమాస దగ్గరికొచ్చింది, స్టూడియో రెండు రోజులకే దొరికింది. ఊళ్లె ఒక్కసారి గూడ పాడకుండనే రికార్డు చేసినం. వెయ్యి క్యాసెట్లు వేసినం. దసరా కాడ ఒక పక్క ఊళ్లె ఆ పాట పాడుతుంటే, రెండో చరణం కాడ ఒక చాకలి ముసలామె లేచి నిలబడ్డది. పాట ఆగినదాక ఊకున్నది. ఆగంగనే, "బిడ్డా, బండకేసి ఉతికినంక ఉబ్బకు పెడతరా? మీ ఇంట్ల అన్నం తిన్నంక వండుతరా?" అన్నది. సభంతా నవ్వింది. నేను రాసింది అదే: ముందు రేవు, తర్వాత ఉబ్బ. సవుడు మట్టి నీళ్లల్ల ముంచి, బానల పేర్చి, రాత్రంతా కింద మంట పెట్టి, ఆవిరికి మురికి వదిలినంక పొద్దుగాల రేవుకు మోస్తరు. ఆ రాత్రి మంట ఎగేసుకుంట మేలుకొని ఉండుడే ఆ పనిల అసలు కష్టం. పాటకు కావాల్సింది గూడ ఆ రాత్రే. నేను దాన్నే వెనక్కి పెట్టిన.

మీదినుంచి తీసుకొచ్చిన కవిత్వానికి ఊళ్లె ఇట్లనే దెబ్బ పడుతది. ఆమెను స్టేజీ ఎనకకు తీసుకపోయి, చాయ తాపి, మొత్తం చెప్పించుకున్న. చరణం మార్చిన. అప్పట్నుంచి ఎక్కడ పాడినా మారిన చరణమే. గానీ ఆ వెయ్యి క్యాసెట్లు? ఇప్పటికీ ఎవరింట్లనన్న పాత పెట్టెల అది ఉంటే, నా తప్పు అండ్లనే ఉంటది, గొంతెత్తి పాడుకుంట.

అందుకే, కట్టిన పాటను ముందు పది ఊర్లు తిప్పాలె. తిప్పితే ఏమయితది? కొన్ని మాటలు వాటంతటవే అరిగిపోతయి. కోరస్‌కు ఊపిరి అందని చోటు తెలుస్తది. బండి యాదగిరి సాయుధ పోరాటం రోజులల్ల కట్టిన పాట సినిమాలకెక్కింది 'మాభూమి'ల, 1979ల తీసినప్పుడు, గద్దర్ గొంతుల. నడుమ ముప్పై ఏండ్లు దానికి రికార్డు లేదు, జనమే రికార్డు. మనం ముప్పై ఏండ్లు ఆగలేం, సరే. ముప్పై రోజులన్న ఆగరా అని మనుమనికి చెప్పిన. వాడు కట్టిన పాట ఆ రాత్రికే ఫోన్లెకు ఎక్కిస్తడు.

5. డప్పును స్టూడియో నమ్మదు, స్టూడియోను డప్పు నమ్మదు.

వానకాలం రికార్డింగంటే డప్పుకు గండం. తోలు గాలిల తడి పట్టుకొని మెత్తబడుతది. చిర్రతోటి కొడితే 'దడ్' మంటది గని 'ఖణేల్' మనదు. సిటికెన పుల్ల మోత అసలే ఇనపడదు. ఊళ్లె అయితే నాలుగు వరిగడ్డి పోచలు అంటిస్తం, డప్పును సెగకు తిప్పుతం, వేలితోటి మీటి చూస్తం, అయిపాయె. మా మొదటి స్టూడియో హనుమకొండల మూడో అంతస్తుల ఉండె. గోడలకు గోనె సంచులు కొట్టి ఉన్నయి. లోపల ఏసీ. డప్పును కాపుకొని మెట్లెక్కి వచ్చేసరికి, మైకు సరిచేసేసరికి, చల్లబడి మళ్ల మెత్తబడేది. తమ్ముడు కిందికి ఉరుకుడు, రోడ్డు పక్కన పాత పేపర్లు అంటిచ్చుడు, మళ్ల పైకి ఉరుకుడు. కింద ఇస్త్రీ బండాయన చూసి చూసి, "తమ్మీ, నా బొగ్గుల మీద కాపుకో" అన్నడు. ఆ రోజు ఎనిమిది పాటలు ఆ బొగ్గుల పుణ్యమే. ఆఖరికి ఏసీ బందు పెట్టించినం. అందరం చెమటలల్ల తడిసినం, పాట మాత్రం ఎండల పాడినట్టే వచ్చింది.

దీన్ని చెప్తుంటే మనుమడు ఇంకో ముచ్చట చెప్పిండు. 1971ల రోలింగ్ స్టోన్స్ వాళ్లు ఫ్రాన్సు దక్షిణాన సముద్రపొడ్డు భవంతిల, కింది నేలమాళిగల పాటలు రికార్డు చేసిండ్రట. బయట బండిల రికార్డింగు మిషన్లు పెట్టి, లోపలికి వైర్లు గుంజిండ్రట. ఆ నేలమాళిగల ఉక్కపోతకు గిటార్లు ఊకె శ్రుతి తప్పేవట. 'ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్' అనే ఆల్బంల ఆ ఉక్కపోత వినిపిస్తదని వీని మాట. కోట్లున్నోళ్లకు గూడ తేమ తేమనే.

ఒక మైకు ఉన్న రోజులల్ల మేమే మిక్సింగు. గాయకుడు మైకు కాడ, కోరస్ ఒక అడుగు ఎనక, ఢోలకు ఐదడుగులు, డప్పు గడప అవతల. చరణం మొదలైతే డప్పు తమ్ముడు ఇంకో రెండు అడుగులు ఎనకకు జరిగేటోడు, పల్లవికి మళ్ల ముందుకు. ఇప్పుడు ఎవరి ట్రాక్ వాళ్లది. ముందు తాళం, తర్వాత ఎవరో ఒకరు ట్రాక్ పాడుడు, తర్వాత కోరస్, ఆఖరికి అసలు గొంతు. మంచిదే, తప్పులు దిద్దుకోవచ్చు. కానీ కోరస్ చెల్లె నా మొకం చూడకుంట, చెవులకు డబ్బాలు పెట్టుకొని పాడితే, నేను ఎక్కడ ఆగుతనో ఆమెకు తెల్వదు. సభల ఆమె నా గదువ చూసి పాడుతది.

6. క్లిక్‌ను తిట్టకు, కానీ దాని మాట మొత్తం వినకు.

సభల పాట మొదలైన వేగం ఒకటి, ముగిసే వేగం ఒకటి. జనం ఊగితే మనం ఉరుకుతం. స్టూడియోల క్లిక్ గడియారం లెక్క టిక్కుటిక్కుమంటది, దాని మీదనే నడువాలె. మొదటిసారి నాకు కాళ్లు కట్టేసినట్టు అయింది. తర్వాత ఉపాయం దొరికింది. సభల పాట ముగిసే వేగం ఎంతో చూసి, దానికంటే జర తక్కువ పెట్టించుడు. మొదటి పల్లవి కొంచెం తొందరనిపిస్తది, ఆఖరి చరణం కొంచెం నిదానమనిపిస్తది, నడుమ సరిపోతది. ఇంజనీరు పిల్లగాడు ముందు నవ్విండు, తర్వాత వేరే బృందాలకు గూడ అట్లనే పెట్టిండట.

7. కోసుడు నేర్చుకో.

మా దిక్కు ఒగ్గుకథ రాత్రంతా సాగుతది. మా పక్క మాణిక్యాపురం చుక్క సత్తయ్య నిలబడితే ఊరు తెల్లారే దాక లేవకపోయేది. అసొంటిది విని పెరిగిన మాకు అరవై నిమిషాల క్యాసెట్ ఇచ్చిండ్రు, అటు ముప్పై, ఇటు ముప్పై. ఎనిమిది పాటలు పడుతయి. మొదటి యేడు ఒక పాటకు తొమ్మిది చరణాలుండె, నాలుగే ఉంచినం. తీసేసిన ఐదు చరణాల మీద మా బావ నాతోటి నెల దాక మాట్లాడలే, వాటిల మూడు ఆయనయి.

కోసేటప్పుడు చూడాల్సింది బాగున్న చరణం ఏదని కాదు, ఏది తీస్తే కథ కుంటుతదని. అందమైన చరణం చాలసార్లు నడక ఆపుతది. రాష్ట్ర గీతాన్నే చూడుండ్రి. జనగామ దిక్కు రేబర్తిల పుట్టిన అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' 2024ల కీరవాణి చేతిల రెండు తీర్లుగ తయారైంది. ఒకటి రెండున్నర నిమిషాలది, ఒకటి పదమూడున్నర నిమిషాలది. బడి పిల్లలకు చిన్నది, సభకు పెద్దది. నా లెక్కన ఏ పాటకైనా ఆ రెండు అంగీలు కుట్టించి పెట్టుకోవాలె. ఇప్పుడైతే మూడో అంగీ, రీలుకు ముప్పై సెకండ్లది. దాని మీద నాకు ఇష్టం లేదు. కానీ ఒక బతుకమ్మ పాటను ముప్పై సెకండ్లల్ల విని పిల్లలు ఉయ్యాల పాటలు మొత్తం నేర్చుకుంటుంటే, నేను మొకం ముడుచుకోని కూసుంటే ఏం లాభం.

8. పేరు ముందు, పైసలు తర్వాత, రెండూ కాయితం మీద.

ఒక కంపెనీ మా పాటలు తీసుకున్నది. పేరు చెప్ప. క్యాసెట్ అట్ట మీద నటుని బొమ్మ వేసిండ్రు, పాడినోళ్ల పేర్లు వేసిండ్రు, రాసినోని పేరు కాడ 'జానపదం' అని వేసిండ్రు. నేను బతికుండంగనే జానపదం అయిన. ఫోను చేస్తే, "ఎవరైతేంది అన్నా, జనం పాటనే గదా" అన్నరు. జనం పాట అన్న మాట మాకు ఎంత గౌరవమో, వాళ్లకు అంత అగ్గువ.

2012ల కాపీరైట్ చట్టం మార్చినంక పాట రాసినోని రాయల్టీ హక్కు వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసియ్యడానికి లేదు. సంతకం పెట్టించుకున్నా చెల్లదు. ఇది తెల్వక మా దిక్కు పిల్లలు ఇప్పటికీ ఐదు వేలకు, పది వేలకు సర్వహక్కులు అని రాసిచ్చి వస్తున్నరు. బృందంల గూడ వాటాల ముచ్చట పాట పుట్టకముందే తెగాలె. డప్పుకు సమాన వాటా. మేం మొదట్ల ఇయ్యలే. పాట నాది, దరువు ఊకె తోడు అనుకున్న. ఒకసారి తమ్ముడు జరమొచ్చి రాకపోతే ఆ పాటలు ఎంత ఒట్టిపోయినయో విన్నంక, వాటా మాట నేనే తీసిన. ఆలస్యంగ తీసిన.

9. గొంతు దిగుతది. దిగనియ్యి.

నాలుగు శ్రుతిల పాడినోణ్ణి ఇప్పుడు రెండున్నర మీద ఉన్న. పాత పాటలు పాత శ్రుతిలనే అడుగుతరు జనం, నరాలు తేలేదాక పాడి మూడు రోజులు మాట రాకుంట పడున్న సందర్భాలున్నయి. కొత్త పాట కట్టేటప్పుడు ఇప్పటి గొంతుకే కట్టాలె. పై స్థాయి కోరస్‌కు ఇచ్చి, కింద మాట నేను చెప్తున్న. అది పాట కంటే ఎక్కువ ముచ్చట లెక్క ఉంటది, అయినా వింటున్నరు.

కొత్త పాటలు ఎందుకు, పాతయే పాడు అనేటోళ్లు దొరుకుతనే ఉంటరు. ఆ రోలింగ్ స్టోన్స్ ముసలోళ్లు 2005 తర్వాత సొంత కొత్త పాటల ఆల్బం తెచ్చింది 2023లనే, పద్దెనిమిదేండ్లకు. ఆఖరికి మిక్ జాగర్ ఒక తారీఖు పెట్టి, ఆ లోపల అయిపోవాలె అన్నడట. తారీఖు లేకుంటే ఎవరూ తెమలరు, మాకు పెత్రమాస ఉన్నట్టు. వాళ్ల డ్రమ్ముల చార్లీ వాట్స్ 2021ల పోయిండు. ముందు రికార్డు చేసి పెట్టిన ఆయన వాయింపును ఆ ఆల్బంల రెండు పాటలకు వాడుకున్నరు.

మా డప్పు తమ్ముడు పోయి మూడేండ్లయింది. అతని దరువు మా దగ్గర పాత టేపులల్ల ఉన్నది, అన్నింటి మీద నా గొంతు కలిసి. విడదీయడానికి రాదు. ఒక్క మైకు రోజుల పాపం అది. మనుమడు ఏదో మిషను తోటి విడదీస్తనంటున్నడు. తీసి వినిపించిండు గూడ, నీళ్లల్ల మునిగి కొట్టినట్టున్నది. వద్దన్న.

ఇప్పుడు తమ్ముని బిడ్డ కొడుతున్నది. ఇంటర్ చదువుతున్న పిల్ల. తండ్రి కాడ్నుంచి చిర్ర పట్టుడు నేర్చుకున్నది గని, మూడో దెబ్బ కాడ తండ్రి ఆగినట్టు ఆగదు, జర ముందుకు తోస్తది. మొదట రెండుసార్లు ఆపిన. మూడోసారి ఆపలే. ఆ తోపుడు కాడ నాకు ఒక కొత్త చరణం దొరికింది.

పోయిన ఆదివారం వాన. మా ఇంటి పంచెల కూసున్నం. పిల్ల వరిగడ్డి అంటిచ్చి డప్పు కాపింది, మనుమడు ఫోను పీట మీద పెట్టి రికార్డు నొక్కిండు, రేకుల మీద చినుకుల మోత. పాట మొత్తం పాడినం. ఆగినంక ఎవరం మాట్లాడలే. మా ఇంటామె గడప కాడ చాటల బియ్యం ఏరుతున్నది. తల ఎత్తకుండనే, "చరణం బాగున్నది. పల్లవి నిరుడుదే" అన్నది.

పెత్రమాసకు ఇంక ఇరవై రెండు రోజులు.